కాకి ముట్టని ఆకు

సూలూరు,
17-7-2025

ప్రభుత్వ పశువైద్యాధికారి గారి సముఖమునకు,
సూలూరు పాల ఉత్పత్తిదారుల సంఘం మాజీ కార్యదర్శి రంగనాయకి, వయస్సు 74, వ్రాసుకున్న అర్జీ.

విషయం: మరణించిన నా తమ్ముడు దురైసామి పోషణలో ఉండిన మగపిల్లిని జర్మనీ దేశానికి పంపుట తగునా, తగదా అన్నది తమరే నిర్ణయించవలెనని కోరుట గురించి.

అయ్యా,

తమరు చిత్తూరు జిల్లావారని, తెలుగు చదువుతారని తమ ఆఫీసు అటెండరు మునిసామి చెప్పాడు. అందుకే తమిళంలో రాయవలసిన అర్జీని తెలుగులో రాస్తున్నాను. మా ఇంట్లో అందరమూ తెలుగే మాట్లాడతాము గాని, చదవగలిగింది నేనొక్కదాన్నే. కాబట్టి ఈ కాగితం మావాళ్ళ కంటపడినా భయం లేదు. తమరు మాత్రం చివరిదాకా చదవవలెనని మనవి.

1. సదరు పిల్లి చారల పిల్లి. వయస్సు సుమారు ఐదేళ్ళు. ఎడమ చెవి కుక్క కొరికినందున చీలి ఉంది. మా తమ్ముడి మరమగ్గాల షెడ్డులో పుట్టి, నూలు కొరికే ఎలుకలను పట్టి పెరిగింది. ఏ ఇంట్లోనూ అడుగు పెట్టి ఎరుగదు. పన్నెండు మగ్గాలు ఆడుతూ ఉంటే చుట్టిన బట్ట మీద హాయిగా నిద్రపోయేది. కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఉలిక్కిపడి లేచి, ఏమైందన్నట్టు మా తమ్ముడి మొహం చూసేది.

2. తమ్ముడు 11-2-2025న గుండె ఆగి చనిపోయాడు. భార్య ముందే పోయింది. ఒక్కతే కూతురు చారులత. జర్మనీలో నేతయంత్రాలు చేసే కంపెనీలో ఉద్యోగం. అప్పటికి ఆమెకు ఎనిమిదో నెల. విమానం ఎక్కకూడదని అక్కడి డాక్టర్లు కట్టడి చేసినందున రాలేకపోయింది. పదహారో నాటి కర్మను ఫోనులో చూసింది. ఫోను పట్టుకుని నిలబడింది నా మనుమరాలు లక్ష్మిప్రియ.

3. ఆనాడు షెడ్డు వాకిట ఆకు వేసి, తమ్ముడికి ఇష్టమైనవన్నీ వడ్డించాము. కాకి వచ్చి ముట్టనిదే ఇంకెవరూ తినకూడదన్నది తమకు తెలిసినదే. ఆకు వేసింది 11.40కి. 12.55 వరకు కాకి రాలేదు. అరవై మంది చుట్టాలు ఎండలో నిలబడి ఉన్నారు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. అప్పుడు మా పెద్దమ్మ కూతురు నాగమ్మాళ్, ఫోను నడుస్తూ ఉన్నదని తెలిసే, గట్టిగా అన్నది:

"దురైసామికి కోవం. కడసారి మొగం చూడను కూతురే రాలేదు, కాకి మటుకు ఎట్ల వస్తాది?"

ఫోనులో చారులత చెయ్యి కడుపు మీదికి పోవడం నేను చూశాను.

4. ఇక్కడినుంచి రాసేది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పినది కాదు. ఇది మరచిపోయామని చెప్పి, లోపలినుంచి రెండు ఎండుచేపలు తెచ్చి ఆకు చివర పెట్టాను. తర్వాత చెంబు కడిగే నెపంతో షెడ్డు వెనక్కి పోయి, తమ్ముడు పిలిచే పిలుపుతో మెల్లగా పిలిచాను. పిల్లి నన్ను దాటుకుని నేరుగా ఆకు దగ్గరికి పోయింది. చేపలు తిన్నది. సాదం మెతుకుల్లో కూడా మూతి పెట్టింది. నేను ముందుకు వచ్చి, తమ్ముడు పిల్లి రూపంలో వచ్చి తిన్నాడని అందరి ఎదుటా చెప్పాను.

"నిజమా అత్తా? నాయనే వచ్చినాడా?" అని ఫోనులో చారులత అడిగింది.

"మీ నాయనే అమ్మా."

"సత్తియంగా?"

"సత్తియంగా."

అందరూ భోజనాలకు కూర్చున్నారు. నాగమ్మాళ్ పాయసం రెండుసార్లు వేయించుకున్నది.

5. ఈ అర్జీదారు ముప్పై ఒక్క సంవత్సరాలు సంఘంలో పాల వెన్న శాతం చూసి రాసింది. ఒక్క పాయింటు ఎవరికీ ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు. తమ్ముడు ఆవును మేపుకున్న రోజుల్లో వాడి పాలలో నీళ్ళు కలిశాయని రాసి, పాలు వెనక్కి పంపినదాన్ని. వాడు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. డెబ్బై నాలుగేళ్ళలో నేను తప్పు రాసినది ఆ ఒక్క ఆకు దగ్గరే. అదీ వాడి ఆకే.

6. మరునాడు చారులత ఫోను చేసింది. "నాయనని ఆ షెడ్డులో ఎందుకు విడవాల అత్తా? నా కాడికి పంపించేయి. బిడ్డకి తాతని చూపిస్తా" అన్నది. కాన్పు అయితే మరచిపోతుందనుకున్నాను. మరచిపోలేదు. అక్కడినుంచే డబ్బు పంపి పిల్లి మెడలో గుర్తింపు చిప్పు వేయించింది, టీకా వేయించింది, నెత్తురు పరీక్షకు పంపించింది. పరీక్ష సరిపోయింది. పరీక్ష తర్వాత ఆగవలసిన మూడు నెలల గడువు కూడా ఈ నెల 12తో తీరింది. ఆమె ఉండేది నాలుగో అంతస్తు. కిటికీలు జానెడు మాత్రమే తెరుచుకుంటాయట. ఆదివారం నాడు పక్కింటికి వినబడేలా ఏ మెషినూ వేయకూడదట. ఇవన్నీ ఆమె చెప్పినవే, మంచి వసతి అన్న ఉద్దేశంతో చెప్పినవి.

7. పంపకుండా ఉంచుకుందామంటే ఇక్కడా చోటు లేదు. షెడ్డు చెయ్యి మారింది. కొన్నవారు ఆడి నెల దాటగానే, అంటే ఆగస్టు నడుమ, మగ్గాలు పాత ఇనుముకు వేస్తామని చెప్పారు. ఈ రోజు ఆడి ఒకటో తేది. బయట కుక్కలు ఉన్నాయి. పాలున్న ఇల్లని మా ఇంట్లోకి నేను ఏనాడూ పిల్లిని రానిచ్చినదాన్ని కాను.

8. నిజం చెప్పేద్దామంటే, చారులత మూడు నెలల బాలింత. తండ్రి తినకుండానే పోయాడని, తన మీద కోపంతో పోయాడని, నేను చెప్పిన మరుక్షణం నుంచి ఆమె నమ్ముతుంది. అందులో నాకు అనుమానం లేదు. కాకులకు మనుషుల కోపాలు తెలియవని నేను ఎంత చెప్పినా, సత్తియం చేసి అబద్ధమాడిన అత్త మాటను ఆమె ఎందుకు వింటుంది?

9. తమ ఆఫీసువారు ఇచ్చిన ఫారంలో "ఈ జంతువు నాది, పై వివరములన్నీ వాస్తవము" అని నేను సంతకం చేయాలి. పిల్లి నాది కాదు. వివరాలలో ముఖ్యమైనది, ఎందుకు పంపుతున్నామన్నది, వాస్తవమూ కాదు. పంపడం మంచిదా కాదా డాక్టరు గారే చెబుతారా అని మునిసామిని అడిగితే, "డాక్టరు ఒంటిని చూస్తారమ్మా. పోవాలనా ఉండాలనా అనేది ఇంటోళ్ళు తేల్చుకోవాల" అన్నాడు. ఇంటివారంటే నేనే. నాకు తేలడం లేదు. ఫారం పద్దెనిమిది రోజులుగా సంతకం లేకుండా నా పెట్టెలో ఉంది.

కాబట్టి ప్రార్థించేది ఏమనగా: 21వ తేది సోమవారం నాడు పిల్లిని తమ ముందు హాజరు పరచవలసి ఉంది. లేని జబ్బును ఉన్నట్టు రాయమని నేను అడగడం లేదు. అడుగుతూ రెండుసార్లు రాసి, ఆ కాగితాలు చించేశాను. తమరు పిల్లిని కాస్త సేపు చూసి, తగును అనో తగదు అనో ఒక్క మాట తమ చేతితో రాయండి. ఏది రాసినా అది సర్కారు తీర్పని చారులతకు చెబుతాను. అంతమాత్రం నిజం నా నోట మిగలనివ్వండి.

పై సంగతులన్నీ దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
రంగనాయకి

తా.క.: ఈ అర్జీ మడిచిన తర్వాత జరిగినది కూడా రాయకపోతే లెక్క తప్పుతుంది. పిల్లి బెదరకుండా ఉండాలని ప్రయాణపు పెట్టెలో తమ్ముడి తుండు పరచి, షెడ్డు పక్కనే ఉన్న మా వసారాలో పెట్టాను. వారం నుంచి ఆ దరికి రానిది, ఈ పొద్దున, అంటే 18వ తేదిన, తానే వచ్చి, పెట్టెలో దూరి పడుకున్నది. బయట దానికి పెట్టిన సాదం అలాగే ఉంది. 8.20కి గోడ మీదినుంచి ఒక కాకి దిగి, ఆ సాదం నాలుగు ముద్దలు తిన్నది. పిల్లి తల ఎత్తి చూసి, మళ్ళీ పడుకున్నది. ఆనాడు నేను గంటా పదిహేను నిమిషాలు ఎదురు చూసింది దీనికోసమే. చారులతకు ఫోను చేద్దామని నంబరు నొక్కాను. రెండుసార్లు మోగింది. పెట్టేశాను. ఆమె లెక్కలో వాళ్ళ నాయన ఫిబ్రవరిలోనే తిన్నాడు.