దేవుడి ఉద్యోగానికి ఇద్దరు వియ్యంకులు

ధవళేశ్వరం,
18-6-98

బావగారికి చంద్రరావు నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. మీరూ, పాపాయమ్మ చెల్లెమ్మా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మన మనవడు మహేంద్ర సెలవులయ్యాక విశాఖపట్నం వెళ్తూ వీడియో గేమ్ కేసెట్టు మా ఇంట్లోనే మరిచిపోయాడు. ఏ తాతకీ లోటు రాకూడదని మా అబ్బాయి మీ ఇంట్లో ఒక మెషీను, మా ఇంట్లో ఒక మెషీను పెట్టాడు గానీ, కేసెట్టు మాత్రం ఒకటే కొన్నాడు. ఊసుపోక టీవీకి తగిలించి చూశాను. అందులో మనం దేవుడు! మేఘం మీద కూర్చుంటాం. కింద జనం చిత్తడి నేలలో గుడిసెలు వేసుకుని మనకి అర్జీలు పెడుతుంటారు. దారి చూపిస్తే కాలువలు తవ్వుకుంటారు, ఇళ్ళు కట్టుకుంటారు, పంటలు వేస్తారు. ముప్పై మూడేళ్ళు ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

చిక్కల్లా ఒక్కటే. ఊరికో రాక్షసుడున్నాడు. వాణ్ణి చంపాలంటే దేవుడు కిందికి దిగి, కత్తి పట్టుకుని పరుగెత్తాలి, గెంతాలి. నా వేళ్ళకి అంత చురుకు లేదు. పదకొండుసార్లు గోతిలో పడ్డాను. మీరు పోలీసు శాఖలో చేసినవారు. అందుకని కేసెట్టు రిజిస్టరు పార్సెల్లో పంపుతున్నాను. రాక్షసుణ్ణి చంపి తిప్పి పంపండి. ఎంతవరకు ఆడామో అందులోనే నిలిచి ఉంటుంది.

ఇట్లు,
మీ వియ్యంకుడు
చంద్రరావు

తా.క.: కాలువల జోలికి మాత్రం వెళ్ళకండి.

*

పిఠాపురం,
29-6-98

బావగారికి కుక్కుటేశ్వరరావు నమస్కారాలు. మీ ఉత్తరం, కేసెట్టు భద్రంగా చేరాయి.

రాక్షసుడు హతుడయ్యాడు. ఎద్దు తలవాడు, గొడ్డలితో వచ్చాడు. రెండు రోజులు మాటు వేయాల్సి వచ్చింది. మిగతా వివరాలు డిపార్టుమెంటు రహస్యం.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ జనంతో మీకేమన్నా పాత కక్షలున్నాయా? ఊరు ఊరంతా నీళ్ళో రామచంద్రా అని ఏడుస్తోంది. కాలువ చూస్తే ఎండిపోయి ఉంది. తూము మూసింది మీరేనట. నా మనసు ఆగలేదు. దేవుడి దగ్గర వాన బటను ఉంది కదా, నొక్కాను. ఎంతసేపు కురవనివ్వాలో తెలియక, భోజనం చేసి వచ్చేదాకా వదిలేశాను.

ఇట్లు,
మీ బావ
కుక్కుటేశ్వరరావు

తా.క.: ఇప్పుడు నీళ్ళకి కొరత లేదు.

*

ధవళేశ్వరం,
12-7-98

బావగారికి నమస్కారాలు.

కొరత ఎందుకుంటుందండీ, ఊరే లేకపోతే? ఆటలో ఏప్రిల్ నెల వచ్చింది. ఏప్రిల్ వస్తే కాలువలకి నీళ్ళు కట్టేస్తారని గోదావరి జిల్లాలో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. పూడిక తీయొద్దా? గట్లు బాగుచేయొద్దా? జూన్‌లో వదులుదామని మూశాను. జనం ఏడుస్తారు, ఎక్కడైనా ఏడుస్తారు. అర్జీ తీసుకుని 'పరిశీలనలో ఉంది' అనాలి. మీ దయవల్ల మూడు గట్లు తెగి, నూట నలభై ఇళ్ళు కొట్టుకుపోయాయి. తొమ్మిది రోజులు టీవీ ముందు కూర్చుని మళ్ళీ కట్టాను. మా ఆవిడ బుల్లెమ్మ రెండు రోజులు కాఫీ అక్కడికే తెచ్చి ఇచ్చింది. మూడో రోజు నుంచి మానేసింది.

ఇంకా నాలుగు ఊళ్ళున్నాయి. తవ్వడం నా పని, చంపడం మీ పని. ఎవరి పరిధిలో వాళ్ళుంటే ఇద్దరికీ గౌరవం. ఆ వాన బటను మీద ప్లాస్టరు అంటించండి.

ఇట్లు,
చంద్రరావు

తా.క.: మీ అమ్మాయి ఫోన్ చేసి, 'మామయ్యగారూ, మా నాన్నగారూ మీరూ ఎన్నడూ లేనిది ఉత్తరాలు రాసుకుంటున్నారు, ఏమైనా గొడవాండీ?' అని భయపడింది. లేదమ్మా అన్నాను. అప్పటికింకా కేసెట్టు పెట్టి చూడలేదు.

*

పిఠాపురం,
25-9-98

చంద్రరావుగారికి,

రెండు నెలల్లో కేసెట్టు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. మా పోస్టుమాన్ ఏసురాజు పార్సెలు ఇస్తూ 'ఈసారి కొండరాక్షసుడాండీ, నీటిరాక్షసుడాండీ?' అని అడుగుతున్నాడు. ఆ నలుగురూ హతులయ్యారు. ఇక రాక్షసుల పెద్ద ఒక్కడే మిగిలాడు. వాడు చస్తే ఆట పూర్తి.

అయితే ఒక ఘోరం నా దృష్టికి వచ్చింది. రాక్షసుడు పడిన ప్రతిసారీ జనం చేతులెత్తి 'చంద్రావ్, చంద్రావ్' అని మొక్కుతున్నారు. మొదట్లో దేవుడి పేరు అడిగితే మీ పేరే రాసుకున్నారన్నమాట! కత్తి మా ఇంటిది, మొక్కులు మీ ఇంటికా? పెళ్ళిలో మగపెళ్ళివారు కదా అని సర్దుకున్నాం. దేవుడి దగ్గర సర్దుకోం. పేరు మారేదాకా కేసెట్టు నా కస్టడీలో ఉంటుంది.

కుక్కుటేశ్వరరావు,
రిటైర్డ్ సబ్ ఇన్‌స్పెక్టర్

తా.క.: నా పేరు మొత్తం ఆటలో పేరు కొట్టే గళ్ళలో పట్టదని తెలుసు. 'కుక్కు' అన్నా చాలు.

*

ధవళేశ్వరం,
30-9-98

బావగారికి,

పేరు మధ్యలో మారదండీ. మార్చాలంటే కట్టిందంతా చెరిపేసి మొదటికి రావాలి. మీ కోపం న్యాయమే గానీ, నా సంగతి కూడా వినండి. ఇది ఎవరికీ చెప్పలేదు.

డెబ్బై ఎనిమిదిలో మా సెక్షన్లో కాలువ మీద నీళ్ళు ఆపి వదిలే లాకు ఒకటి కట్టాం. పద్నాలుగు నెలలు ఆ గట్టు మీదే పడుకున్నాను. ప్రారంభం రోజున శిలాఫలకం మీద మంత్రిగారి పేరుంది, ఇంజనీర్ల పేర్లున్నాయి, అడుగున రాయి చెక్కినవాడి పేరు కూడా ఉంది. నా పేరు లేదు. ఆవేళ ఎంత బాధపడ్డానో ఇవాళా అంతే బాధగా ఉంది. ఈ ఆట ఆఖర్న దేవుడి గుడి చూపిస్తారని మహేంద్ర చెప్పాడు. ఆ గుడి మీద నా పేరు ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని ఆశ. నవ్వుకోండి, పరవాలేదు. ఆ చివరివాణ్ణి మాత్రం నేను లేకుండా చంపకండి. పై వారం నేనే వస్తాను.

ఇట్లు,
చంద్రరావు

తా.క.: రాయి చెక్కినవాడికి కొలతలు ఇచ్చింది నేనే.

*

పిఠాపురం,
5-10-98

బావగారికి అనేక నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న నాలుగో తారీకున అందింది. చివరి రాక్షసుడు మూడో తారీకునే చచ్చాడు. పంతంకొద్దీ చేశాం, క్షమించండి.

ఆఖరి ఘట్టం చూశాను. ఎక్కడ చూసినా జనం, మేడలు, పచ్చటి చేలు. మీరు తవ్వించిన కాలువలన్నీ నిండుగా పారుతున్నాయి. దేవుడు మేఘం దిగి తన గుడికి వెళ్ళాడు. గుడి ఖాళీ. దీపం లేదు, ఒక్క అర్జీ లేదు. జనానికి ఏ లోటూ లేదు కాబట్టి ఇక దేవుడితో పని లేదట. పేరా? మీది లేదు, నాది లేదు, ఎవరిదీ లేదు.

నేను రిటైరైన మర్నాడు అలవాటుకొద్దీ స్టేషనుకి వెళ్తే, కొత్త కానిస్టేబులు 'ఏం పని మీద వచ్చారండీ?' అని అడిగాడు. మళ్ళీ ఆ గుమ్మంలోనే నిలబడ్డట్టయింది. ఆ ఖాళీ గుడి మీరు చూడకూడదనిపించింది. అందుకని మీ ఉత్తరం చదివిన వెంటనే, అంతా చెరిపేశాను.

ఇప్పుడు మళ్ళీ చిత్తడి నేల, రెండు గుడిసెలు, నలుగురు మనుషులు. 'స్వామీ, నీళ్ళకి దారి చూపించు' అని అప్పుడే ఒక అర్జీ వచ్చింది. కేసెట్టు పోస్టులో పంపను. బట్టలు సర్దుకుని మీరే రండి.

ఇట్లు,
మీ బావ
కుక్కుటేశ్వరరావు

తా.క.: కొత్త ఆటకి దేవుడి పేరు అడిగితే, మీదా నాదా అని నేను తటపటాయిస్తుండగా, మీ చెల్లెమ్మ బటన్లు లాక్కుని 'పాపాయమ్మ' అని తన పేరు కొట్టేసింది. కాదనే హక్కు నాకెక్కడిది? ఇన్నాళ్ళూ ఆ ఆరుగురు రాక్షసుల్నీ చంపింది ఆవిడేనండి. నేను పక్కన కూర్చుని జాగ్రత్తలు చెప్పానంతే. 'అన్నయ్యగారు సోమవారానికల్లా కాలువ పని మొదలుపెట్టాలి, ఆలస్యమైతే కారణాలు కాగితం మీద రాసివ్వాలి' అని దేవుడిగారి ఆర్డరు.