హద్దు మీది ఇసాలే ఆకు

దార్ ఎస్ సలామ్,
ఏప్రిల్

మాంకా అత్తయ్యకు,

షికమో, మీ పాదాలకు దండం. వానకు సలుపుతున్న మీ మోకాళ్ళకు కూడా విడిగా మరో షికమో.

జిల్లా ఆఫీసువాళ్ళు నా పునాది గోడ మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేసి వెళ్ళారని బస్సు కండక్టరు చెప్పాడు. మీరు రాయలేదు, బెంగపడతాననుకున్నారు కాబోలు. బెంగపడ్డాను. సర్వే ప్లాను లేకుండా పని మొదలుపెట్టడం నా తప్పే. కానీ మన కొండ మీద ముందు కాగితం పుట్టించి, తర్వాత ఇల్లు కట్టినవాళ్ళెవరు? ఈ మాట రాశాక, తప్పును సమర్థించుకుంటున్నానా అని మళ్ళీ సందేహం.

వానలు ఆగేలోపు సర్వే ప్లాను ఇస్తే ఇంటికి అనుమతి ఇస్తారు. లేకపోతే పునాది పీకేస్తారు. పునాది పోయిందంటే నా వాటా పోయినట్టే. "ఆడపిల్లకు తోటలో భాగమేమిటి, ఇల్లు లేచాక చూద్దాంలే" అన్న మన వంశం పెద్దలు ఆ చెక్కను బాబాయి కొడుక్కి ఇచ్చేస్తారు. ఆ రోజు నిలబడి నా తరఫున వాదించింది మీరొక్కరే. అందుకే నిద్ర పట్టడంలేదు.

సోమవారం లుహెండే అనే సర్వేయరు వస్తాడు. వేరే ప్రాంతంవాడు, మర్యాదస్థుడు. హద్దురాళ్ళు పాతేటప్పుడు పొరుగువాళ్ళు దగ్గరుండి ప్లాను మీద సంతకం చేయాలట. మనకు పొరుగంటే అనాయేలి పెద్దాయనే. ఆయనతో మీకు మాటల్లేవని తెలుసు. నాలుగేళ్ళ కిందట ఆయన కొడుకు పెళ్ళిలో మీరు ఆయన కాచిన ఎంబెగె కల్లును అందరి ముందూ నీళ్ళన్నారు. నిజమే కావచ్చు. కానీ అరటిపండ్లు ఉడికించి, రాగులు మొలకెత్తించి, కుండ పక్కనే కాపలా పడుకున్న మనిషికి ఆ మాట ఎంత మంటగా ఉంటుంది? సోమవారం మాత్రం ఏమీ అనకండి.

మీ మాట మీద నమ్మకంతో, నా మీద అపనమ్మకంతో,
ఐకండే

తా.క. ఫోన్ చేయమని అడగను. సిగ్నల్ దొరికేది ఆయన కాఫీ చెట్ల మధ్య ఒక్కచోటే అని గుర్తుంది.

*

మరంగు

మా తల్లి ఐకండేకు,

మరహబా. మోకాళ్ళు కూడా మరహబా అన్నాయి.

సర్వేయరు వచ్చాడు. బురదలో జారి పడ్డాడు కానీ ఆ మూడుకాళ్ళ యంత్రాన్ని మాత్రం పడనివ్వలేదు. బస్సు దగ్గర కాచుకుని వాడిని పైకి తీసుకొచ్చింది ఎవరనుకున్నావ్? ఆ పక్కింటి మనిషే. దారిలో టీ కూడా ఇప్పించాడట. నువ్వు చెప్పావని నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

అబ్బాయి మన ఇసాలే మొక్కల కంచె పక్కన యంత్రం నిలబెట్టి, చూసి, రాయి పాతాడు. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత నా పక్కనుంచే నడిచి, ముడి వేసిన ఇసాలే ఆకు ఒకటి పట్టుకుని కంచె దాటి, "పెద్దాయనా, ఇది మీరు పట్టుకోండి" అని ఆయన చేతికిచ్చాడు. కొలతకు గుర్తో ఏమో, పరాయి ఊరివాడికేం తెలుసు? మన కొండ మీద ఇసాలే హద్దుకూ అదే, తప్పు ఒప్పుకోడానికీ అదే. ముడేసిన ఆకు పంపితే "తప్పయింది, మన్నించు" అని. పుచ్చుకున్నవాడు మన్నించి తీరాలి.

ఆ మనిషిది ఎడమచేతి వాటం కదా, ఎడమచేత్తో టోపీ తీశాడు. కుడిచేత్తో ఆకు గుండెకు ఆనించుకున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేట్టుగా, "మాంకా, మన్నించాను" అన్నాడు.

నేను క్షమాపణ అడిగానట. నేను.

సాయంత్రం ఎంబెగె కుండతో గుమ్మంలో నిలబడ్డాడు. ముందు ఇద్దరం ఒకే సొరకాయ బుర్రలో తాగాలట, రాజీ అంటే అదేనట, ఆ తర్వాతే సంతకమట. తలుపేశాను.

పరువు పోయి ఒళ్ళు మండుతున్న నీ అత్త,
మాంకా

తా.క. తలుపేసే ముందు కుండ లోపల పెట్టుకున్నాను. కుండేం పాపం చేసింది?

*

దార్ ఎస్ సలామ్

అత్తయ్యా,

షికమో.

మీ ఉత్తరం చదివి మొదట సంతోషించాను. ఆకు మీరే పంపి, ఇప్పుడు సిగ్గుపడి సర్వేయరు మీద తోస్తున్నారేమో అనుకున్నాను. కోపం తెచ్చుకోకండి. రెండోసారి చదివాక మీరు సిగ్గుపడే మనిషి కాదని గుర్తొచ్చింది.

ఒక మనసు, ఊరుకుని ఆ బుర్రలో ఒక గుక్క తాగేయండి, సంతకం వస్తుంది అంటోంది. ఇంకో మనసు, అడగని క్షమాపణ మీద కట్టిన ఇల్లు నిలుస్తుందా అంటోంది. కాలేజీలో పిల్లలకు నేను చెప్పేది తర్కం. ఈ ఉత్తరం వాళ్ళ చేతిలో పడితే నాకు సున్నా వేస్తారు.

చివరికి తోచింది ఇదీ. మీరే వెళ్ళి, నెమ్మదిగా విషయం చెప్పి, ఆకు వెనక్కి తీసుకోండి. ఆ తర్వాత పొరుగువాడిగా సంతకం అడుగుదాం.

ఎటూ తేలని,
ఐకండే

తా.క. నెమ్మదిగా అన్న మాట మరోసారి చదవండి.

*

మరంగు

ఐకండే,

మరహబా. తర్కం చెప్పుకునే దానివి, ఇసాలే జోలికి రాకుండా ఉండాల్సింది.

నెమ్మదిగానే వెళ్ళాను. ఆకు తిరిగి ఇచ్చెయ్యమన్నాను. ఇవ్వనన్నాడు. తన చేత్తో నా చేతికిస్తే తను క్షమాపణ అడిగినట్టవుతుందట. అదీ నిజమే. అందుకని లాక్కున్నాను. లాక్కున్నాక తోచింది, ఆకు నా దగ్గరుంటే నేను ఆయన్ని మన్నించినట్టు కదా. నేనెక్కడ మన్నించాను? వెంటనే కంచె మీదుగా ఆయన వైపు విసిరేశాను.

ఏరుకున్నాడు. మట్టి దులిపాడు. "రెండోసారి కూడానా? నీకింత పెద్ద మనసుందని తెలియదు మాంకా, మన్నించాను" అన్నాడు.

సాయంత్రానికి ఇంకో కుండ.

ఇంకోమాట. రెండురోజులుగా వాన తెరిపిచ్చింది. కింద మలుపు దగ్గర ఆఫీసు జీపు కనిపించిందని కూరగాయల ఆడవాళ్ళు అంటున్నారు. ఎర్ర గుర్తు మీద పాత గోనెపట్టా కప్పాను.

నీ పునాదికి కాపలా కూర్చున్న,
అత్త

తా.క. పట్టా చాల్లేదు. గుర్తు సగం బయటికే ఉంది. ఇంకా అనుమానంగా కనిపిస్తోంది.

*

దార్ ఎస్ సలామ్

అత్తయ్యా,

షికమో. పట్టా తీసేయండి, దండం పెడతాను.

నాకిక్కడ కాలు నిలవడంలేదు. పాఠం మధ్యలో కిటికీ దగ్గరికి వెళ్ళి మబ్బు చూస్తున్నాను, దార్ మబ్బుకూ మన కొండ మబ్బుకూ సంబంధమున్నట్టు. మీకు చెప్పకుండా ఒక పని చేశాను. అనాయేలి పెద్దాయనకు నేనే ఉత్తరం రాశాను. ఆకు కేవలం కొలత పనిలో జరిగిన పొరపాటని, మా అత్త ఎవరినీ ఏమీ అడగలేదని, సంతకానికీ ఆకుకూ ముడిపెట్టవద్దని, చాలా స్పష్టంగా, అంచెలంచెలుగా వివరించాను. ఇక అపార్థానికి తావు లేదు.

కాస్త ఊపిరి పీల్చుకుంటున్న,
ఐకండే

తా.క. చివర్లో మర్యాద కోసం "మా కుటుంబం వల్ల కలిగిన ఇబ్బందికి మన్నించగలరు" అని రాశాను. అది ఫరవాలేదు కదా?

*

మరంగు

మా తల్లి ఐకండేకు,

మరహబా. ఫరవాలేదా అని అడిగావు. ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి నీ ఉత్తరంలో ఆ చివరి వాక్యం ఒక్కటే చదివి వినిపించాడు. కుటుంబమంతా అడిగిందని, కుటుంబాన్నంతా మన్నించానని చెప్పాడు. నీకు, నాకు, పోయిన మీ నాన్నకు కూడా క్షమాభిక్ష దొరికింది. మూడో కుండ వచ్చింది.

మంగళవారం జీపు మలుపు దాకా వచ్చి బురదలో దిగబడింది. నలుగురు నెడుతున్నారని విన్నాను. ఇక ఆలోచించలేదు. ప్లాను చంకలో పెట్టుకుని ఆయన తోటలోకి నడిచాను.

కుండ దగ్గర కూర్చుని దూడకు పలుపు కడుతున్నాడు. బుర్ర నిండా ముంచి ఇచ్చాడు. సగం తాగి ఆయన చేతికిచ్చాను. అప్పుడు అన్నాను:

"ఆ సర్వేయరుది కుడిచేతి వాటం, అనాయేలీ."

"అయితే?"

"ఆకు ముడి ఎడమచేతిది. ఈ పలుపు ముడిలాగే."

కాసేపు దూడ మెడ గోకాడు. తర్వాత చెప్పాడు. ఆ రోజు ముడేసింది తనే. టీ ఇప్పించి, ఆ పిల్లాడి జేబులో ఆకు పెట్టి, మాంకా పక్కనుంచి వచ్చి నాకివ్వు, కొలతకు మంచిదని చెప్పాడట. నాలుగేళ్ళు చూశాడట నేను ఆకు పంపుతానని. ఇక పంపనని తెలిసి, తనే పంపుకున్నాడట.

"ఎప్పుడు కనిపెట్టావు?" అన్నాడు.

"ఆకు నీ చేతికి చేరకముందే."

"మరి ఇంత రభస దేనికి చేశావు?"

"నాలుగేళ్ళుగా నా గుమ్మం తొక్కని మనిషివి. ఎన్నిసార్లు వస్తావో చూద్దామని."

సంతకం పెట్టాడు, ఎడమచేత్తో. ప్లాను పట్టుకుని ఇద్దరం మలుపు దాకా నడిచాం. ఆఫీసువాడు చూసి, దార్‌లో సర్వే శాఖ ముద్ర పడేదాకా పునాదిని ముట్టుకోం అన్నాడు. అనాయేలి ఆ దూడ తల్లి ఆవును తెచ్చి జీపు లాగించాడు. ప్లాను ఈ ఉత్తరంతోనే కండక్టరు చేతికిస్తున్నాను. నీ చదువుకున్న చేతులతో జాగ్రత్తగా ముద్ర వేయించు. ఏ వాక్యమూ కలపకు.

నీ ఇంటి గోడలు లేవడం చూడాలని తొందరపడుతున్న అత్త,
మాంకా

తా.క. ముద్ర పడ్డ రోజే నాకు కబురు చెయ్యి. అప్పటిదాకా నోరు కట్టుకుంటాను. మూడు కుండలూ నీళ్ళే. ఆ మాట ఆయనతో అనకుండా ఉండలేను గనక, మంచి ఇసాలే ఆకు ఒకటి కోసి పక్కన పెట్టుకున్నాను. ఈసారి ముడి నేనే వేస్తాను.