వెనకాల పోసిన నీళ్ళు

శ్రీవారికి,

నాగరత్నం నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు వేళకింత తిని గనికి వెళ్తున్నారంటే నాకదే పదివేలు. పక్క క్వార్టరు సారవ్వ కూరలు పంపుతోందా? అమ్మాయి ఇంటి నుంచి వచ్చే ఫోనెత్తనని మీరు భీష్మించుకోబట్టే ఈ వయసులో మనకీ ఉత్తరాలు!

"అక్కడ అందరూ ఎలా ఉన్నారు?" అని అడిగారు. ధరణి పేరు రాయడానికి మీకు చెయ్యి రాలేదు గానీ, ఆ అందరూ ఎవరో నాకు తెలుసు లెండి.

టర్కీ అంటే ఏమో అనుకున్నాను. ఇదీ పల్లెటూరే. గోధుమ చేలు, ద్రాక్షతోటలు, మిద్దెల మీద ఎండు మిరపకాయలు. ద్రాక్షరసాన్ని గంగాళాల్లో కాచి మన బెల్లప్పాకంలా తీస్తారు. చలికాలానికి కావలసిన పల్చటి రొట్టెలు ఆడవాళ్ళంతా చేరి కాలుస్తారు, ఇవాళ వీళ్ళింట, రేపు పక్కింట. కూలి మాట లేదు, కబుర్లకు కొదవ లేదు. గోదావరిఖనిలోలా బొగ్గుపొడి పడదేమో, ఆరేసిన బట్ట తెల్లగానే లోపలికొస్తుంది. ఇంట్లోవాళ్ళచేత పొలం పని చేయిస్తారా అనీ అడిగారు, అమ్మాయి గురించేగా. వియ్యపురాలు హాతిజే దాన్ని పెనం దగ్గరికే రానివ్వదు.

ఇక దాచిన మాట. పోయినవారం ధరణికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా కులాసా. ఆ రోజే రాద్దామంటే ధైర్యం చాలలేదు. ఎందుకో చెప్తాను.

నొప్పులు మొదలవగానే అల్లుడు యూసుఫ్ కారు తీశాడు. నేను ఎక్కబోతుంటే హాతిజే చెంబెడు నీళ్ళు తెచ్చి కారు వెనకాల కుమ్మరించింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. శవం గడప దాటాక కదా మనం నీళ్ళు పోసి వాకిలి కడిగేది! చెంబు లాక్కుని తెలుగులోనే నానా మాటలూ అన్నాను. ఆవిడ బిత్తరపోయి ఏడ్చేసింది.

కారులోంచి ధరణి అరిచింది. "అమ్మా, ఏంది గా లొల్లి? నీళ్ళ లెక్క పోయి, నీళ్ళ లెక్క జల్ది తిరిగి రావాలెనని పోస్తరు ఈడ. గది దీవెన!"

సిగ్గుతో చచ్చిపోయి ఆవిడ చేతులు పట్టుకున్నాను.

దవాఖానలో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ధరణి అడిగింది. "నేను ఇల్లు విడిచిన్నాడు నాన్న వాకిట్ల బిందెడు నీళ్ళు గుమ్మరించిండు, యాదున్నదా?"

ఎలా మరిచిపోతాను? యూసుఫ్‌ను పెళ్ళాడతానని అది వెళ్తుంటే, నాకిక కూతురు లేదంటూ మీరు వాకిలి కడిగిన రోజది. బిడ్డ తల నిమురుతూ ధరణే మళ్ళీ అంది.

"గప్పుడు మస్తు ఏడ్చిన. ఇగ ఏడ్వనమ్మా. నాన్న నన్ను తిరిగి రమ్మన్నడనుకుంటున్న."

ఏమండీ, మీరెందుకు పోశారో దానికీ తెలుసు. అయినా అలా అనుకుంటోంది. రోజూ మీ డ్యూటీ దిగే వేళకు ఫోన్ చేస్తూనే ఉంది. ఒక్కసారి ఎత్తండి. అది అనుకున్నదే నిజమని చెప్పండి.

ఇట్లు,
మీ మనవరాలి అమ్మమ్మ,
నాగరత్నం