చదివిపెట్టాను, చదువుకోలేదు

ఫిబ్రవరి 9

చెయ్యి తిరగడం కోసం ఈ పుస్తకం మొదలుపెట్టాను. ఇంతకు మించి గొప్ప కారణం ఏమీ లేదు. హైస్కూలు చివరి పరీక్ష తర్వాత నేను రాసినవి సంతకాలు, సరుకుల చీటీలు, నాలుగైదు ఉత్తరాలు. ఇప్పుడు యాభయ్యో ఏట మూడు గంటలు ఏకబిగిన రాయాలి. రోజుకో పేజీ రాస్తే వేళ్ళు దారికొస్తాయని మేడ మీది అమ్మాయి చెప్పింది. ఏం రాయనమ్మా అంటే, ఏదో ఒకటి రాయండి పిన్నిగారూ, ఎవరు చూడొచ్చారు, అంది.

మా ఆయన చూసి, ఈ వయసులో కాపీ రైటింగా, తప్పులుంటే వేళ్ళ మీద కొట్టమంటావా అని నవ్వారు.

ఫిబ్రవరి 10

ఆ అమ్మాయి మూడేళ్ళుగా మా మేడ మీది గదిలో అద్దెకుంటోంది. పుట్టుకతోనే చూపు లేదు. మెట్లు మాత్రం చకచకా దిగుతుంది, రెయిలింగ్ పట్టుకుని దిగేది నేనే. యూనివర్సిటీలో లెక్కల్లో డిగ్రీ చేస్తోంది. అత్తయ్య ఆమెను లెక్కల పిల్ల అంటుంది.

లెక్కల్లో ఆమెకు తిరుగులేదు. కానీ అక్కడ జనరల్ ఎడ్యుకేషన్ అని ఒక రూలుంది. నువ్వు ఏం చదవడానికి వచ్చినా సరే, బయటి సబ్జెక్టులు ఏడు పూర్తి చెయ్యందే డిగ్రీ ఇవ్వరు. ఆరు అయిపోయాయి. ఏడోది భూమి చరిత్ర. అది నిరుడే అయిపోవలసింది. ఆమె చెబుతుంటే పరీక్ష రాసిపెట్టిన కుర్రాడు తెలివి ఎక్కువై, ఆమె చెప్పని ముక్కలు కూడా రాసేశాడు. ఆ సంగతి పట్టుబడింది. పేపరు రద్దు చేశారు.

మే 12న మళ్ళీ పరీక్ష, ఈసారి రాసిపెట్టేది నేను. ఇదే ఆఖరి అవకాశం. జూలైలో చూపులేని పిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరాలి. డిగ్రీ చేతికి రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

రాసిపెట్టే మనిషి డిగ్రీ చదివి ఉండకూడదట. ఆ సబ్జెక్టు తెలిసి ఉండకూడదట. ఏమీ తెలియకపోవడం కూడా ఒక అర్హతేనని యాభై ఏళ్ళకి తెలుసుకున్నాను.

ఫిబ్రవరి 11, ఉదయం

అందరినీ వదిలేసి నన్నే ఎందుకు అడిగావని ఇవాళ అడిగాను.

అత్తయ్యకు చూపు మందగించాక రోజూ పొద్దున్నే స్తోత్రాల పుస్తకం నేనే పైకి చదువుతాను. అందులో ఒకచోట దయాసాగరా అని ఉండాల్సింది దయాసారగా అని అచ్చుపడింది. నేను అలాగే చదువుతాను. దేవుడి పుస్తకాన్ని దిద్దడానికి నేనెవరిని? సారగా ఏమిటే, నోట్లో రాళ్ళున్నాయా అని అత్తయ్య పదేళ్ళుగా తిడుతూనే ఉంది.

అదంతా మేడ మీదికి వినిపిస్తుందట. మూడేళ్ళలో ఒక్కరోజు కూడా మీరు దాన్ని సరిచెయ్యలేదు పిన్నిగారూ, నాకు అలాంటి మనిషి కావాలి, అంది.

తిట్లు తిన్న తప్పుకి మెప్పు దొరికింది.

ఫిబ్రవరి 16

కోర్సుల కాగితం చదివిపెట్టమని ఇచ్చింది. చదువుతూ చదువుతూ నేనే ఆగిపోయాను. ప్రకృతి శాస్త్రం ఒకటి. కళలు ఒకటి. చరిత్ర, సమాజం, ఇంకో భాష, ఆరోగ్యం, తర్కం. డాక్టరు కాబోయే పిల్లాడు ఒక బొమ్మైనా గీయాలి. పాట నేర్చుకునే పిల్ల రక్తం ఎలా తిరుగుతుందో తెలుసుకోవాలి. అందరికీ ఒకటే కాగితం.

టైమ్ దండగ వ్యవహారం, నా లెక్కలకీ రాళ్ళకీ ఏం సంబంధం, నెత్తి మీద పడితే తప్ప, అని లెక్కల పిల్ల విసుక్కుంది.

నాకు అలా అనిపించలేదు. ఎవరో పెద్దలు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఏ బిడ్డా ఒక్క రుచితోనే పళ్ళెం ముందు నుంచి లేవకూడదని, అన్నీ తలో కొంచెం వడ్డించారు. వాళ్ళెవరో నాకు తెలియదు. పొద్దున దీపం ముందు వాళ్ళకీ ఒక దణ్ణం పెట్టాను.

ఫిబ్రవరి 24

పాఠ్యపుస్తకానికి ఆడియో లేదు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నేనే చదివిపెడుతున్నాను. ఇవాళ మూడో అధ్యాయం. ఎత్తైన కొండ కొమ్మున సముద్రపు గవ్వలు దొరుకుతాయట. గవ్వ కొండెక్కలేదు, సముద్రం అడుగే కొండయి లేచింది.

ఆ పేజీ రెండుసార్లు చదివాను. ఒకసారి చాలు పిన్నిగారూ, అంది. రెండోది నా కోసమమ్మా అని పైకి అనలేదు.

మార్చి 5

ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియడం లేదు. వరస తప్పినా ఫరవాలేదు, రాసేస్తాను.

అమ్మాయికి కనిపించదు కాబట్టి రాళ్ళను తడిమి తెలుసుకోనివ్వమని వాళ్ళ మేడమ్ ల్యాబ్‌కు రమ్మంది. తోడుగా నేను వెళ్ళాను. పొడుగాటి గది, గాజు తలుపుల బీరువాలు, ఒక్కో రాయి కింద ఒక చీటీ. అచ్చం దేవుడి గదిలో ఉన్నట్టే గొంతు దానంతటదే తగ్గిపోయింది.

మేడమ్ అమ్మాయి చేతిలో ఒక రాయి పెట్టింది. వంకర తిరిగిన కొమ్ములా ఉంది, బొటనవేలంత. ఇది పగడం, అంది. మా అమ్మ నా మెడలో కట్టిన పగడం ఎర్రగా ఉండేది. ఇది బూడిద రంగు. దీని వయసు నలభై కోట్ల ఏళ్ళు.

తర్వాత నన్ను కూడా భూతద్దంలోంచి చూడమంది. రాయి చుట్టూ సన్నటి గీతలు, దారం చుట్టినట్టు. పగడమంటే సముద్రంలో ఒక పురుగు కట్టుకునే గూడట, ఆ పురుగు రోజుకో గీత చొప్పున పెరిగిందట. ఏడాది తిరిగేసరికి ఒక లావు కట్టు. ఇప్పటి పగడంలో కట్టుకూ కట్టుకూ మధ్య మూడు వందల అరవై చిల్లర గీతలుంటాయి. దీనిలో లెక్కపెడితే నాలుగు వందల దాకా వచ్చాయి.

అంటే అప్పట్లో ఏడాదికి నాలుగు వందల రోజులు.

ఏడాది మారలేదు. సూర్యుడి చుట్టూ దారి అదే. రోజే చిన్నది. ఇరవై రెండు గంటలకోసారి పొద్దుపొడిచేది. చంద్రుడు సముద్రాన్ని పట్టి లాగుతుంటే భూమి తిరగడం నెమ్మదిస్తూ, రోజు రవ్వంత రవ్వంత పొడుగవుతూ మన దాకా వచ్చింది.

నోరూ వాయీ లేని పురుగు. ఎవరూ అడగలేదు. ఎవరూ చదవరు. అయినా ఒక్క రోజు మానకుండా గీత గీసుకుంటూ పోయింది. నేను ఈ పుస్తకంలో మొన్న వారం రోజులు ఎగ్గొట్టాను.

తిరిగొస్తూ దారిలో, నాలుగు వందలు, గుర్తుంచుకో అన్నాను అమ్మాయితో. అంకెలు బట్టీ పట్టను పిన్నిగారూ, అప్పటికప్పుడు లెక్క కట్టుకుంటాను, అంది గర్వంగా.

మార్చి 6

అత్తయ్యకు చెప్పాను. ఒకప్పుడు ఊళ్ళో సగం మందికి రవికలు కుట్టిన మనిషి. ఓస్ ఇంతేనా, గుడ్డ తాను అదే పొడుగు, ముక్కలు చిన్నవి కత్తిరిస్తే ముక్కలెక్కువ వస్తాయి, దీనికి యూనివర్సిటీ ఎందుకే, అంది.

నేను లేవబోతుంటే, ఆ పురుగు సంగతి మళ్ళీ చెప్పు, అంది.

మార్చి 7

దీపం వెలిగించాను. ఆ పురుగు ఎరగనంత పొడుగు రోజులో నిలబడి ఉన్నాను.

ఏప్రిల్ 2

పరీక్షలాగే కూర్చుని రాసే సాధన మొదలైంది. ఆమె చెప్పడం, నేను రాయడం.

మధ్యలో, రెండూ రెండూ అయిదు, అంది. నా కలం ఆగింది. ఆమె పకపకా నవ్వింది. చూశారా, ఆగింది, అంది. మీ కలం చప్పుడు నాకు వినిపిస్తుంది పిన్నిగారూ. మీరు ఆగితే నేను తప్పు చెప్పానని నాకు తెలిసిపోతుంది. అప్పుడు దిద్దుకుంటే ఆ మార్కు నాది కాదు, మీది. ఇన్విజిలేటర్‌కి వినిపించదు, నిజమే. నాకు వినిపిస్తుందిగా.

అప్పటినుంచి గంటసేపు తప్పులే చెప్పింది. సముద్రం తియ్యగా ఉంటుంది. చంద్రుడు పగలగొడితే పగులుతాడు. మా పిన్నిగారు పరమ గయ్యాళి. ఆగకుండా రాశాను. చివరి దానికి అత్తయ్య లోపలినుంచి, అది తప్పని ఎవరన్నారు, అంది.

ఏప్రిల్ 20

ఆగడం లేదు. దయాసారగా చదివినట్టే రాస్తున్నాను.

మే 11, సాయంత్రం అయిదు

పొద్దున్న పరీక్షల విభాగానికి వెళ్ళాం. ఒక ఫారం ఇచ్చారు. ఈ సబ్జెక్టు నాకు తెలియదని ధ్రువీకరిస్తున్నాను, కింద సంతకం. ఫిబ్రవరిలో అయితే కళ్ళు మూసుకుని పెట్టేదాన్ని.

కలం కదల్లేదు.

ఏమయిందమ్మా, ఏం చదివారు మీరు, అన్నారు సూపరింటెండెంట్ గారు. హైస్కూలండీ అన్నాను. అయితే తెలియనట్టేగా, కానివ్వండి, అన్నారు. తెలుసండీ, కొంచెం తెలుసు, అన్నాను. కళ్ళజోడు పైకి తోసి చూశారు. తెలుసు అనడానికి మీ దగ్గర కాగితం ఏదైనా ఉందా? లేదండీ. కాగితం లేని తెలివి మా ఆఫీసుకు కనిపించదమ్మా, సంతకం పెట్టండి. లేదంటే రేపటికి ఇంకో మనిషిని నేను తేలేను, ఈ పిల్ల పరీక్ష పోతుంది.

పక్కన అమ్మాయి నా కొంగు పట్టుకుంది. రెయిలింగ్ కూడా పట్టుకోకుండా మెట్లు దిగే పిల్ల.

దేవుణ్ణి ఒక మాట ఇమ్మన్నాను. ఇచ్చాడు. తెలియదు అన్నది కొట్టేసి, చదువుకోలేదు అని రాయనా అని అడిగాను. పుస్తకమంతా మీరే చదివారంటోందే ఈ పిల్ల, అన్నారాయన. చదివిపెట్టానండీ, చదువుకోలేదు, అన్నాను.

ఆయన ఆ రెండు మాటలూ లోపల్లోపల అనుకుని చూసుకున్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఈ ఫారం పూర్తిగా చదివినది మీరొక్కరే, కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, అన్నారు.

పెట్టాను. నిజమే కదా. ఆమె కోసం చదివాను. నా కోసం కాదు.

మే 12, మధ్యాహ్నం మూడు

అయింది. వేళ్ళు వంగడం లేదు. అయినా ఇది ఇవాళే రాయాలి.

మాకు వేరే గది ఇచ్చారు. ఇన్విజిలేటర్ కిటికీ పక్కన కుర్చీ వేసుకున్నారు. అయిదు ప్రశ్నలు నీళ్ళలా చెప్పింది. ఆరోది నాలుగు మార్కులు. నలభై కోట్ల ఏళ్ళ కిందట ఏడాదికి సుమారు ఎన్ని రోజులు, ఎందుకు?

నా గుండె ఎగిరింది. మన పగడం!

ఆమె పెదవులు కదిలాయి, లెక్క కట్టుకుంటోంది. తర్వాత చెప్పింది. భూమి వేగంగా తిరిగేది, రోజు ఇరవై రెండు గంటలే, కాబట్టి ఏడాదికి రోజులు కూడా తక్కువ, సుమారు మూడు వందల ముప్పై అయిదు.

తిరగేసింది. హడావిడిలో లెక్క తిరగేసింది.

తాను అదే పొడుగు, ముక్కలు చిన్నవి. అత్తయ్యకు కూడా తెలుసు. ఆ పురుగుకు తెలుసు. నాకు తెలుసు. పోయినసారి పేపరు రద్దయిన పిల్ల, జూలైలో ఉద్యోగం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. కలం మాత్రం ఆగలేదు. రోజులు కూడా తక్కువ. మూడు, మూడు, అయిదు. రాశాను.

చివర్లో అన్నీ చదివి వినిపించాలి. అదీ చదివాను, మిగతావాటిలాగే. ఆమె తల వంచుకుని విన్నది. తర్వాత, సరే పిన్నిగారూ, ఇచ్చేయండి, అంది.

మే 13

చదువుకోలేదని ఎందుకు రాశాను? చదువుకోకపోతే నిన్న గుండె ఎందుకు ఎగిరింది?

మే 30

రిజల్ట్ రాలేదు. ఆ నాలుగు మార్కులు నా మెడలో వేలాడుతున్నాయి.

జూన్ 8

రాలేదు. అమ్మాయి కూనిరాగాలు తీస్తూ మెట్లు దిగుతోంది. నేను ఆమె ముఖం చూడలేకపోతున్నాను. చూపులేని పిల్ల నుంచి ముఖం దాచుకోవడం ఏమిటో.

జూన్ 19

వచ్చింది. యాభై వస్తే పాసు. యాభై ఒకటి.

అత్తయ్య, లెక్కల పిల్లవి, ఆ ఒక్కటి ఎక్కువ ఎందుకు తెచ్చుకున్నావే వృథాగా, అంది. మా ఆయన రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నారు.

అందరూ లోపలికి వెళ్ళాక అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఆరో ప్రశ్న తప్పని మీకు అప్పుడే తెలుసు కదూ, అంది.

తల ఊపాను, ఆమెకు కనిపించదని మరిచి.

ఆమే చెప్పింది. మీ కలం ప్రతి రెండు మూడు మాటలకీ కాస్త ఊపిరి తీసుకుంటుంది పిన్నిగారూ. ఆ ఒక్క వాక్యం దగ్గర తీసుకోలేదు. తరుముతున్నట్టు పరుగెత్తింది. ఏమైంది ఈమెకి అనుకుని, మళ్ళీ లెక్క కట్టుకున్నాను. తప్పు దొరికింది.

మరి దిద్దుకోలేదేమే తల్లీ! చదివి వినిపించినప్పుడైనా చెప్పొచ్చుగా!

అది మీ కలం చెప్పిన జవాబు. నాది కాదు, అంది. యాభై ఒకటీ నావే పిన్నిగారూ, అని నవ్వింది.

పరీక్ష పోతే ఏమయ్యేదో ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు. తెలిసి కూడా ఊరుకుంది. నేను ఆగకుండా రాశానని మురిసిపోతున్నాను, పక్కనే కూర్చుని ఆమె ఇంత పని చేసింది. పగడం ముందు నిలబడ్డప్పుడు కూడా నాకు మాట ఇంతగా పడిపోలేదు.

జూన్ 27, ఉదయం

అమ్మాయి వెళ్ళింది. గది ఊడ్చాను.

చదువుకోలేదని రాసి సంతకం పెట్టాను. చదువుకున్నాను. ఈ పుస్తకంలో ప్రతి పేజీ అదే చెబుతోంది, ఆ ఆఫీసువాళ్ళు చూస్తే ఆ పిల్ల పేపరు మళ్ళీ రద్దు చేస్తారు, అయినా చింపబుద్ధి కాలేదు. ఇవాళ్టి రోజు ఆ పగడం గీసుకున్న ఏ రోజుకన్నా పొడుగు. నాకు తెలుసు.

ఇది ఎవరి చేతికి వచ్చినా దాచండి. ఎవరికీ చూపించకండి.