బద్లీ హాజరు

మెటియాబ్రుజ్,
ఆదివారం

ప్రియమైన మేరీరాణీ,

మూడు సందుల అవతల ఉన్నదానికి ఉత్తరమేమిటని నవ్వుతావు. నోటితో చెప్పబోయి రెండుసార్లు నీ గుమ్మం దాకా వచ్చాను. ఊరికే టీ తాగి వెళ్ళిపోయాను.

వార్డు ఎన్నికల్లో పార్టీ నన్ను నిలబెడుతోంది. కరపత్రంలో 'పారిశుధ్య కార్మికుడి బిడ్డ, తండ్రి కష్టమే ఆమెకు స్ఫూర్తి' అని వేశారు. అది చూసినప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆ రోజు మ్యాన్‌హోల్‌లోకి దిగవలసింది మా నాన్న. నన్ను యూనివర్సిటీలో చేర్పించాలి, సెలవు దొరకలేదు. మనవాళ్ళ అలవాటు ప్రకారం హాజరు తన పేరునే వేయించి, తన బదులు బద్లీగా మీ నాన్నను పంపాడు. సోములు మావయ్య ప్రాణంతో పైకి రాలేదు. హాజరు పట్టీలో పేరు లేదు కనుక అలాంటి మనిషిని తాము దించనేలేదని ఆఫీసువాళ్ళు అన్నారు. ఉద్యోగం పోతుందని మా నాన్న నోరు విప్పలేదు. పోయేముందు నా ఒక్కదానికే చెప్పాడు. మీ అమ్మ బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లులో కూలికి పోయింది, నువ్వు పరీక్ష రాయకుండానే చదువు మానేశావు, నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

ఇన్నాళ్ళూ పింఛన్లనీ రేషన్ కార్డులనీ మన తెలుగు బస్తీలో తిరిగింది సేవేనా, లేక మీ ఇంటివైపు తలెత్తి చూడలేక పెట్టుకున్న పనా? నాకే తేలడం లేదు. నువ్వు వద్దంటే నామినేషన్ వెయ్యను.

పుష్పరాణి

శుక్రవారం

మేరీ,

ఎదురుగా చెబితే తిడతావని మళ్ళీ రాస్తున్నాను. ఆ ఉత్తరం పట్టుకుని నా వంటింట్లోకొచ్చి నువ్వు అరిచిన అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది.

"ఏటే పుష్పా, ఎవులికి బద్లీయో మాయమ్మకి ఆ రోజే తెలుసు. బస్తీలో సగం మందికి మా నాన్న బద్లీ ఎల్లీవోడు. నీ ఒక్కదాని కోసమే సచ్చిపోనాడేటి? నీ ఏడుపు నానేటి సేసుకోను? ఆ పట్టీలో మా నాన్న పేరెక్కించు. అందుకు కుర్చీ కావాలంటే కుర్చీ ఎక్కు!"

మా నాన్నకు బద్లీగా దిగే మీ నాన్న పోయాడనీ, ఆ పేరు పట్టీలో ఎక్కించడానికే నిలబడుతున్నాననీ పార్టీ ఆఫీసులో చెప్పాను. మా వార్డు పార్టీ కార్యదర్శి ప్రదీప్‌కుమార్ తల పట్టుకున్నాడు. "దిదీ, బద్లీ సంగతి నిన్నెవులడిగినారు? కరపత్రాలు అచ్చయిపోనాయి కదా!" సాయంత్రానికి టికెట్ ఇంకొకరికి పోయింది. అందుకే ఈ రోజు స్వతంత్రంగా నామినేషన్ వేశాను, నన్ను ప్రతిపాదిస్తూ నువ్వు సంతకం చేశావు.

సంతకం కింద 'మ్యాన్‌హోల్‌లో చచ్చిపోయిన సోములు కూతురు' అని నువ్వు రాయడం నేను చూడలేదు. నువ్వు వెళ్ళాక ఎన్నికల ఆఫీసు గుమాస్తా చూశాడు. "మేడమ్, అడగనిది రాస్తే పరిశీలనలో కొట్టేస్తారేమో. కొత్త ఫారం ఇస్తాను, మళ్ళీ సంతకం చేయించుకు రండి" అన్నాడు. గడువుకు ఇంకా గంట ఉంది. నువ్వు బస్టాపు దాటి ఉండవు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. మీ నాన్న ఎలా పోయాడో ఒక సర్కారు కాగితం మీదికి ఎక్కడం ఇదే మొదలు. దాన్ని చింపడానికి చేతులు రాలేదు. ఉన్నదున్నట్టే ఇచ్చేశాను.

తెలివితక్కువ పని చేశానేమో, తెలియదు. నామినేషన్ల పరిశీలన రేపు పదకొండింటికి. కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో వాళ్ళు రాసివ్వాలి. అందులోనైనా మీ నాన్న పేరు రాయక తప్పదు. నువ్వూ రా.

నీ
పుష్ప