గుప్పెడు తవుడు

విశాఖపట్నం,
12-7-1968

ప్రియమైన బావకు,

సుందరి నమస్కారాలు. పూండి స్టేషన్లో టిక్కెట్లు కొట్టుకునే నీకు పెళ్లాం చేతి చారు గుర్తొస్తోందని రాశావు, పాపం. నాకు గుర్తు తెచ్చుకోవడానికి తీరికేదీ? పిల్లల గుండెజబ్బుల వార్డంతా నా నెత్తిన పడింది. డాక్టరుగారు స్టెతస్కోపు నా చేతికే ఇచ్చి, "ముందు నువ్వు విని చెప్పు, తరవాత నేను వింటాను" అంటున్నారు. మందు మోతాదులు కూడా నన్నే రాయమంటున్నారు. తోటి నర్సులు మూతులు తిప్పుకుంటున్నారనుకో.

నీతో ఒక పనుంది. అక్కుపల్లి నుంచి వచ్చిన కమల అనే ఎనిమిదేళ్ల పిల్లని నిన్న ఇంటికి పంపాం. కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతింది. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మ బొడ్డమ్మే పెంచుతోంది. ఆ జ్వరం మళ్లీ రాకుండా నెలకో పెన్సిలిన్ సూది పడాలి. డాక్టరుగారు ఆ సంగతి చెప్పే పంపారు. మందు సీసాలు మీ పూండి కాంపౌండరు సోమేశ్వరరావు గారికి రైల్లో పంపాను. నెల తిరిగేలోగా నువ్వొక ఆదివారం సైకిలు మీద వెళ్లి ముసలమ్మకి గుర్తు చెయ్యి. డాక్టరుగారి ఆజ్ఞ అని చెప్పు. నా పేరెత్తకు, నర్సు మాటకి ఎవరు విలువిస్తారు?

వెళ్తూ వెళ్తూ ఆ ముసలమ్మ ఏం చేసిందో తెలుసా? ఆ ఇంట్లో పిల్లలు నిలవడం లేదట, ఇద్దరు పోయారట. మనవరాలిని నా ఒళ్లో కూర్చోబెట్టి "కొనుక్కో తల్లీ" అంది. బిడ్డని పరాయివాళ్లకి అమ్మేస్తే మృత్యువు దాని జోలికి రాదని వాళ్ల నమ్మకం. సరే కదా అని పాలవాడి దగ్గర గుప్పెడు తవుడు అడిగి తెచ్చి ఆవిడ కొంగులో పోశాను. వార్డంతా ఒకటే నవ్వు.

చారులో ఇంగువ మాడ్చకు.

నీ
సుందరి

*

పూండి,
12-8-1968

ప్రియమైన డాక్టరమ్మకు,

నీ పుణ్యమా అని ఇసకలో సైకిలు తోసుకుంటూ అక్కుపల్లి వెళ్లాను. ఎండుచేపల వాసనకి ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఒక చేత్తో తోశాను. సైకిలూ నేనూ కలిసే పడ్డాం. ఊళ్లో కమల ఇల్లేదంటే ఒక్కరికీ తెలీదు. చివరికి బొడ్డమ్మ దొరికితే, "కమలేటి బాబూ, తవిటమ్మ" అంది. ఇప్పుడు ఊరంతా అలాగే పిలుస్తోంది.

మర్యాదకి లోటు చెయ్యలేదు. చాప వేసింది, కొబ్బరిబొండం కొట్టించింది. సూది మాటెత్తితే మాత్రం "సూద్దాం బాబూ, సూద్దాం" అంది. డాక్టరుగారి ఆజ్ఞ అన్నాను. తలూపింది. తరవాతి ఆదివారం కూడా వచ్చి పోయింది గానీ వాళ్లు పూండి రాలేదు.

అయినా పిల్లకేం? జీడితోటలో మేకల వెంట పరిగెడుతోంది. నాకంటే గట్టిగా ఉంది. ఊరికే దాన్ని పొడిపించడం దేనికి? నీది మరీ చాదస్తం.

నీ బావ,
ఉమాపతి

*

విశాఖపట్నం,
16-8-1968

ప్రియమైన బావకు,

చాదస్తమా? నీ ఉత్తరం చదివి ఒళ్లు మండిపోయింది. కిందటేడు టెక్కలి పిల్ల ఒకతి ఇలాగే పరిగెత్తింది. బాగానే ఉంది కదా అని సూది మానేశారు. జ్వరం తిరగబెట్టింది. ఇక్కడికి మోసుకొచ్చేసరికే ఆలస్యమైపోయింది. నా చేతుల్లోనే పోయింది బావా. ఆ తల్లి ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఇది రోగం తగ్గించే సూది కాదు, రాకుండా కాసే సూది. పొడిచిన నొప్పి కనిపిస్తుంది, కాసిన సంగతి కనిపించదు. అదీ తంటా. నమ్మకపోతే పిల్ల ఛాతీకి ఎడమపక్క చెవి ఆనించి విను. రెండు చప్పుళ్ల మధ్య, తలుపు సందులోంచి గాలి దూరినట్టు ఉంటుంది. ఆ కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు.

డాక్టరుగారి చేత ముద్ర వేయించి చీటీ పంపుతున్నాను. అది చదివి ముసలమ్మని కాస్త భయపెట్టు. పిల్లకి గొంతు నొప్పి వస్తే మాత్రం ఆ రోజే నాకు రాయి. ఆ జ్వరం గొంతులోంచే మొదలవుతుంది.

సుందరి

*

పూండి,
26-8-1968

ప్రియమైన సుందరికి,

చాదస్తం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. విన్నాను. నా మీసం గుచ్చుకుని పిల్ల ముందు కితకితలని నవ్వింది. నవ్వు ఆగాక విన్నాను. మొదట సముద్రం హోరనుకున్నాను. కాదు. తిరిగొచ్చేటప్పుడు సైకిలు ఎక్కబుద్ధి కాలేదు, నడిచే వచ్చాను.

చీటీ చదివాను. సోమేశ్వరరావు గారిని వెంటబెట్టుకెళ్లాను. గవర్నమెంటు పేరు కూడా వాడేశాను. బొడ్డమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది గానీ, "నా సేతిలో ఏటుంది బాబూ" అనే అంటోంది. రాతిగోడకి చెప్పినట్టుంది.

అసలు సంగతి ఇది. నిన్నటి నుంచి పిల్లకి గొంతు నొప్పి. గుటక పడడం లేదు. మిరియాల కషాయం ఇస్తున్నారు. ఏం చెయ్యమంటావు? ఈ ఉత్తరం గార్డు చేతికిచ్చి పంపుతున్నాను.

బావ

*

విశాఖపట్నం,
27-8-1968

బావా,

సెలవు అడిగాను, ఇవ్వలేదు. ఇక్కడ ముగ్గురు పిల్లలు ఆక్సిజన్ మీద ఉన్నారు, నేనే వదిలి రాలేను. ఆ సూది వెంటనే పడాలి. డాక్టరుగారి మాట వినని మనిషి ఇంకెవరి మాట వింటుంది? కాళ్లు పట్టుకో, ఏమైనా చెయ్యి. ఆ పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకున్నదాన్ని. నాకు భయంగా ఉంది బావా.

సుందరి

*

పూండి,
31-8-1968

ప్రియమైన సుందరికి,

ముందే చెప్తున్నాను, సూది పడింది. ఇంక స్థిమితంగా కూర్చుని చదువు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నిజంగానే కాళ్లు పట్టుకుందామని వెళ్లాను. ఏం చెప్పాలో తోచక ఆ ఉత్తరమే చదివి వినిపించాను. "ఒళ్లో కూర్చోబెట్టుకున్నదాన్ని" అన్న దగ్గర బొడ్డమ్మ నన్ను ఆపింది.

"ఇది రాసినాది ఎవలు?"

"మా ఆవిడ. అక్కడ నర్సు."

"తవుడు పోసిన తల్లా! నువ్వు ఆవిడి పెనిమిటివా?" అని నెత్తి బాదుకుంది. "ఇన్నాళ్లూ సెప్పవేటి బాబూ! డాకటరు సెప్పినాడన్నావు, గవర్మెంటు సెప్పిందన్నావు, తల్లి సెప్పిందని ఒక్కపాలైనా అన్నావా? నానేటి సేసేది? అమ్మేసిన బిడ్డని పొడిపించడానికి నానెవల్ని? నాదే అన్నట్టు నాను పెత్తనం సేత్తే, ఇదింకా బొడ్డమ్మదేనని సావు మళ్లీ ఈ గుమ్మంలోకి రాదా? ఇద్దర్ని అట్టుకుపోయింది బాబూ, గుమ్మం దానికి తెలుసు."

మొండిదనీ మూర్ఖురాలనీ తిట్టుకున్నాం. ఆవిడ మాత్రం కన్నీళ్లు దిగమింగుకుని నీ కబురు కోసం కాసుకుని కూర్చుంది.

పిల్లని సైకిలు మీద ఎక్కించుకుని పూండి తెచ్చాను. ముసలమ్మ వెనకాలే పరుగు. సూది సిద్ధం చేసి సోమేశ్వరరావు గారు "వెయ్యమంటారా?" అన్నారు. బొడ్డమ్మ నా వంక చూసి, "తండ్రివి, నువ్వే సెప్పాల" అంది. వెయ్యండి అన్నాను. పిల్ల నా ఒళ్లో కూర్చుని నా చెయ్యి కరకరా కొరికేసింది. గాట్లు అలాగే ఉన్నాయి, వచ్చాక చూద్దువుగాని. జ్వరం రాలేదు. ఇవాళ గంజి తాగింది.

పెళ్లయి పదేళ్లయినా మన ఇంట్లో పిల్లలు లేరని మా అమ్మా మీ అమ్మా ఏడవని పండగ లేదు. నేనూ ఏడ్చాను, నీకు చెప్పలేదు. నువ్వు నవ్వుతూ పోసిన ఆ గుప్పెడు తవుడు బొడ్డమ్మ పాతగుడ్డలో మూటగట్టి చూరులో దోపి ఉంచింది. నాకు విప్పి చూపించింది. పురుగు పట్టకుండా వేపాకు కూడా వేసింది.

వచ్చే నెల సూదికి డాక్టరుగారి చీటీ వద్దు. నేను చెప్తున్నాను అని నువ్వే రాయి, చదివి వినిపిస్తాను. సెలవు దొరగ్గానే నువ్వూ రా. పిల్ల నిన్ను అడుగుతోంది.

ఇట్లు,
నీ బావ,
అక్కుపల్లి తవిటమ్మ తండ్రి,
ఉమాపతి