బాతు కాలి రింగు

పడవల రేవు,
మంగళవారం, భోజనాల వేళ.

మహారాజశ్రీ బావగారి సముఖమునకు, తమ ఏకైక బావమరిది నమస్కరించి చేయు బహిరంగ ప్రకటన ఏమనగా: రేవులోని టీ కొట్టు బెంచీకి నాలుగవ కాలు అమర్చబడినది, ఇకమీదట దానిపై నుంచి పడువారు తమ సొంత పూచీ మీద పడవలెను. నా కుడి దవడ పన్ను ఒకటి సుదీర్ఘ సేవల అనంతరం పదవీ విరమణ చేసినది. పడవలోని లైఫ్ జాకెట్లు ఉతకబడినవి. రంగు వెలిసి అన్నియు ఒకే కుటుంబమువారి వలె కనబడుచున్నవి. ఇట్లు, ఎవరి ఆజ్ఞా లేకుండా, నేనే.

నా సరదా తీరింది. ఇక నీ ఉత్తరానికి జవాబు.

నా పేరు ఎక్కడైనా వచ్చిందా అని రెండుసార్లు అడిగావు. అక్క ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. నా దగ్గరున్న ఫోన్ కంపెనీది, దాన్లో ఏమీ మాట్లాడకు అని మాత్రం కింద గీత గీసి మరీ రాశావు. చివర్లో, ఇక్కడి కోళ్ల ఫారం వెనక చెరువులో కొత్తగా బాతులు, గూడబాతులు దిగాయి, శుక్రవారం జనాన్ని పెట్టి తరిమేస్తారట అని ఓ ముక్క.

నీ పేరు రాలేదు బావా. హాయిగా పడుకో. ఎందుకు రాలేదో చెబుతాను, విని ముచ్చటపడు.

నువ్వు ఆ ఫారానికి మారిపోయిన కొన్నాళ్లకే మన చెరువులో ఒక బాతు ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. పడవలోని పిల్లలు చప్పట్లు కొట్టారు. డాన్సుకి వేరే టికెట్టు తీసుకోవాలి అని నేనూ అన్నాను. అందరూ నవ్వారు. దగ్గరికి పోనిచ్చి చూస్తే దాని మెడ వెనక్కి మెలికపడి ఉంది. కళ్లమీద పాలపొర. ఒడ్డుకి పోనివ్వు బాబూ అన్నారు నవ్వినవాళ్లే.

ఆ తర్వాత నీటికోళ్లు, కాకులు, గద్దలు, ఆఖరికి దీవి మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులు. నా పడవ పక్కన ఈదుతూ చేప ఏదీ అన్నట్టు నిన్ను దబాయించేదే ఒక ముసలిది, అది ఎగరలేక రెక్కలతో నీళ్లు బాదుకుంటూ రేవు మెట్ల దాకా వచ్చింది. అక్కడే తల వాల్చేసింది.

పశువుల డాక్టరమ్మ వచ్చి పరీక్షలు చేయించి, బర్డ్ ఫ్లూ అని తేల్చింది. నన్ను ఓ తెల్ల సూటులోకి దూర్చి, మూతికి మాస్కు బిగించి, చచ్చిన పక్షులను ఏరించింది. నీ నోరు మూయించిన మొదటి మనిషిరా ఆవిడ, దణ్ణం పెట్టుకో అంది అక్క.

ఏరుకుంటూ కాలువ చెరువులో కలిసే మూలకి వెళ్లాను. తుప్పల్లో చిరిగిన సంచులు, కోడి ఈకలు. సంచుల మీద మీ కంపెనీ పుంజు బొమ్మ. మన ఊరి ఫారంలో చచ్చిన కోళ్లను వేసే సున్నపు గొయ్యి కొండ అవతల ఉంది. నువ్వు వ్యాను అంత దూరం తిప్పితే మేనేజరు డీజిలని సణుగుతాడు. కాలువేమో దారిలోనే ఉంది. నిన్ను నేను ఎరగనా? రోగపు కోళ్లను కాకులూ గద్దలూ పీక్కుతిన్నాయి, మిగిలింది నీళ్లలోకి జారింది. ఆ సంచులన్నీ నేనే పోగుచేసి, పక్షులతో కలిపి పాతేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం అక్క బట్టలు ఆరేస్తూ, మీ బావ ఆ కోళ్లను గొయ్యి దాకానే తీసుకెళ్లేవాడు కదరా అని అడిగింది. మా బావ అరటితొక్క కూడా రోడ్డు మీద వెయ్యడు అన్నాను. ఎప్పుడూ నా మాటలకి నవ్వే మనిషి, నవ్వలేదు.

స్కూలు గదిలో మీటింగు పెట్టారు. రోగం ఎక్కణ్నుంచి వచ్చిందని అందరూ అరుపులు. ఫారాల నుంచే వచ్చి ఉండొచ్చు, కోళ్లు చచ్చాకే కదా ఇవి చచ్చింది, వ్యాన్లు ఎటు తిరిగాయో విచారించాలి అంది డాక్టరమ్మ. మీ మేనేజరు చెమట తుడుచుకుంటున్నాడు. అప్పుడు నేను లేచి జేబులోంచి రింగు తీశాను. వలస పక్షులకి గుర్తుగా తొడుగుతారే, అలాంటిది. చచ్చిన ఒక బాతు కాలికి ఉన్నది, తెల్లటి రేకు, దాని మీద ఏవో పైదేశపు అక్షరాలు. మంచుదేశాల నుంచి రోగాన్ని మోసుకొచ్చింది ఇదే అన్నాను. మేనేజరు తన కుర్చీ నాకు వేశాడు. ఆ కంపెనీ వాళ్లు నాకు మర్యాద చెయ్యడం అదే మొదలు.

ఇక వ్యాన్ల మాటెత్తిన వాడు లేడు. ఆ వచ్చిన పక్షులను తరిమెయ్యాల్సిందే అన్నారు. వద్దు, ఉన్నచోట ఉంటే రోగం ఇక్కడే ఆగుతుంది, తరిమితే పది చెరువులకి పాకుతుంది, గూళ్లలో పిల్లలు కూడా ఉన్నాయి అని డాక్టరమ్మ బతిమాలింది. ఇంకా ఏం సాక్ష్యం కావాలి మేడం, రింగు కనబడుతోందిగా అన్నాడు మేనేజరు. ఆవిడ నా వైపు చూసింది. నేను గోడమీది ప్రపంచపటం చూశాను.

దీవికి జనాన్ని మోసింది నా పడవే. డబ్బాలు, టపాకాయలు, కర్రలు. గూడబాతులన్నీ ఒక్కసారి లేచాయి. కొన్ని లేవలేక నీళ్లలో పడ్డాయి. చప్పుడు తగ్గాక దీవి మీద పిల్లలే మిగిలాయి, ఇంకా సరిగా ఈకలు రానివి. మా పడవ దగ్గరికొస్తుంటే తల్లులు వచ్చాయనుకున్నాయో ఏమో, నోళ్లు తెరిచాయి. డబ్బా కొట్టేవాడు కూడా కొట్టడం మానేసి, పోదాం పదన్నా అన్నాడు. తల్లులు తిరిగి రాలేదు. ఆ పిల్లలను కూడా నేనే ఏరాను.

వెళ్లినవి ఎక్కడో ఒకచోట దిగాలిగా బావా. నీ ఫారం వెనక దిగినట్టున్నాయి.

ఇట్లు,
నీ పేరు బయటికి రాకుండా చూసిన
బావమరిది.

తా.క. పైదంతా రాసి, టీ తాగి, మళ్లీ కూర్చున్నాను. నీతో కూడా ఆ ముక్క నిజమనిపించి ఊరుకుందామనుకున్నాను, చేతకాలేదు.

రింగు లేదు. ఏ బాతు కాలికీ ఏమీ లేదు. పాడైపోయిన టార్చిలైటు రేకు కత్తిరించి, మేకుతో ఆ గీతలు గీసింది నేను. అది ఏ భాషో నాకే తెలియదు. అక్క అడిగినదానికి నిజం చెప్పలేక చేసిన పని.

ఇందాక వెళ్లి డాక్టరమ్మకి చెప్పేశాను, రింగు అబద్ధమనీ, సంచులు పాతింది నేననీ. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆ సంచులు తెచ్చిందెవరని అడిగింది. అది అతనే వచ్చి చెబుతాడు అన్నాను. చెబుతాడా అంది.

మీ దగ్గరి మేనేజరు కూడా ఆ రింగు కథ పట్టుకునే శుక్రవారం డబ్బాలు కొట్టిస్తున్నాడు. ఈ ఉత్తరం చూపిస్తే ఆగుతాడు. చూపిస్తే నీ పేరు వస్తుంది.

అంటించే ముందు అక్కకి చదివి వినిపించాను, మొత్తం. ఆయనకి నువ్వేమైనా రాస్తావా అన్నాను. నేనెందుకురా, ఆయన ఎలాంటివాడో శుక్రవారం తెలుస్తుందిగా అని, స్టాంపు తనే అంటించింది.